గేర్‌బాక్స్ దించకముందు ఆయిల్ చూడండి: ఆటోమేటిక్ బండ్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల గురించే. ఒకప్పుడు మన వైపు ఆటోమేటిక్ ట్రక్కు అంటే గనుల్లో తిరిగే డంపరే. ఇప్పుడు హైలక్స్, వీ-క్రాస్ లాంటి పికప్‌లు ఆటోమేటిక్‌లో దొరుకుతున్నాయి, పెద్ద లారీల్లోకి ఏఎంటీ (మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేరు మార్చే పనిని యంత్రానికి అప్పగించిన రకం) వచ్చింది. బండ్లు వచ్చినంత వేగంగా వాటి గురించి తెలిసిన మెకానిక్‌లు రాలేదు, దాంతో ఓనర్లు అనవసరంగా లక్షలు పోగొట్టుకుంటున్నారు. కడపలో షెడ్డు నడుపుతూ అలాంటివి చూసి చూసి కడుపు మండుతోంది కాబట్టి, ఈ శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, పులివెందుల పక్కన పల్లె మాది. ఆటోమేటిక్ పికప్‌లో చీనీకాయలు అనంతపురం మార్కెట్‌కు తోలుతుంటాను. బండి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి పొద్దున్నే స్టార్ట్ చేసి డీ లో వేస్తే రెండు మూడు సెకన్లు కదలదు, తర్వాత ఒక్క దెబ్బతో ఎగిరినట్టు కదులుతుంది. 60, 70 స్పీడులో నిదానంగా పోతుంటే రోడ్డు మీద వరసగా గతుకులు ఉన్నట్టు గడగడమని వణుకుతుంది. ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ దించాల్సిందే, లక్షన్నర పైనే అవుతుందన్నారు. ఇంకొకాయన ఆయిల్ మారిస్తే చాలన్నాడు. ఇంతవరకు ఆ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, పులివెందుల దగ్గర

జవాబు: తమ్ముడూ, గేర్‌బాక్స్ ఇప్పుడే దించనివ్వొద్దు. నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ ఆయిల్ చెడిపోయినా వస్తాయి, లోపల ప్లేట్లు అరిగినా వస్తాయి. తేడా తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు వేలల్లో, తెలుసుకోకుండా దించితే అయ్యేది లక్షల్లో. కాబట్టి ముందు ఆయిల్.

ఎందుకో అర్థం కావాలంటే ఒక్క విషయం పట్టుకో. మామూలు గేర్‌బాక్స్‌లో ఆయిల్ పని పళ్లు అరగకుండా తడిగా ఉంచడమే, కాస్త పాతదైనా బండి ఎలాగో నెట్టుకొస్తుంది. ఆటోమేటిక్‌లో అలా కాదు, అక్కడ పనంతా చేసేదే ఆయిల్. ఇంజన్ బలాన్ని టార్క్ కన్వర్టర్‌లో చక్రాల వైపు తోసేది ఆయిలే, ప్రెషర్‌తో క్లచ్ ప్లేట్లను నొక్కి గేరు పడేలా చేసేది ఆయిలే, వాల్వ్ బాడీలో సన్నటి కాలువల గుండా తిరుగుతూ ఏ గేరు ఎప్పుడు పడాలో ఆ దారి పట్టేదీ ఆయిలే, పైగా లోపల పుట్టే వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదిలేది కూడా అదే. ఆయిల్ తగ్గినా, పాడైనా, తప్పు ఆయిల్ పోసినా జబ్బు గేర్‌బాక్స్‌కి వచ్చినట్టే కనిపిస్తుంది.

పొద్దున డీ లో వేసినప్పుడు ఆలస్యం ఎందుకంటే, ప్లేట్లను నొక్కడానికి కావాల్సిన ప్రెషర్ తయారయ్యేలోపు టైమ్ పడుతోంది. ఆయిల్ లెవెల్ తగ్గి పంపు గాలి పీలుస్తుండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. మొదటి రెండూ ఆయిల్, ఫిల్టర్ మారిస్తే తగ్గుతాయి. మూడోది తగ్గదు.

ఇక వణుకు. టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒకటి ఉంటుంది, బండి ఒక స్పీడులో నిలకడగా పోతున్నప్పుడు అది పట్టుకుని ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలుపుతుంది. అది మెత్తగా పట్టుకోవడానికి ఆయిల్‌లో కొన్ని మందులు కలిపి ఉంటాయి. వేడికి వేడికి అవి అయిపోతే ఆ క్లచ్ పట్టీ పట్టనట్టు పట్టి వదిలి పట్టి వదిలి వణుకుతుంది. ఇది నిజంగా అదేనా, లేక ఇంజెక్టర్ ట్రబుల్ వల్ల ఇంజన్ మిస్ అవుతోందా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు వస్తున్న స్పీడులోనే బ్రేక్ పెడల్‌ని చాలా మెల్లగా, బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేక్ స్విచ్ పడగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగిపోతే అది లాకప్ క్లచ్ వణుకే. ఆగకపోతే ఇంజన్ వైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూడాలి, ఆయిల్ మార్చి లాభం లేదు.

ఇప్పుడు ఆయిల్‌ని చూడటం. కొత్త ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్, చాలావరకు ఎర్రగా, తేటగా ఉంటుంది. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయి. ఎరుపు తగ్గి గోధుమ రంగుకు వచ్చిందంటే పాతబడింది, మార్చే టైమ్ దాటింది. నల్లగా ఉండి, పోపు మాడినప్పుడు వచ్చే వాసనలా ముక్కుకు గట్టిగా తగిలితే ప్లేట్లు కాలాయని అర్థం. రంగు ఒక్కటే చూసి మోసపోవద్దు, వాసన ముఖ్యం. కొన్ని ఆయిళ్లు మంచిగా ఉన్నా త్వరగానే రంగు మారతాయి.

అసలు సాక్ష్యం చాంబర్, అంటే గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, విప్పాక దొరుకుతుంది. చాంబర్ అడుగున చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటికి కాటుకలాగా మెత్తటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల, లక్ష దాటిన బండికి ఉండాల్సిందే, భయపడొద్దు. చేతికి గుచ్చుకునే ఇనప రవ్వలు, మెరిసే పొట్టు, ముక్కలు కనిపిస్తే, లేదా చాంబర్ నిండా ప్లేట్ల నుంచి రాలిన నల్లటి పేలికలు ఉంటే మాత్రం అప్పుడు గేర్‌బాక్స్ దించమన్న ఆయన చెప్పిందే సరైనది. చాంబర్ విప్పేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు, ఫోన్‌లో ఫోటో తీసుకో.

మార్చే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర తప్పులన్నీ ఇక్కడే జరుగుతున్నాయి. చాలా పికప్‌లలో గేర్‌బాక్స్ మొత్తానికి 9, 10 లీటర్ల దాకా ఆయిల్ పడుతుంది, కానీ డ్రైన్ బోల్టు విప్పితే అందులో సగం కూడా రాదు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో నిలిచిపోతుంది. కాబట్టి ఒక్కసారి మారిస్తే నీ గేర్‌బాక్స్‌లో సగం పాతదే ఉంటుంది. లెక్క వేసుకో: ప్రతిసారి సగం వస్తుందనుకుంటే మొదటిసారికి సగం కొత్తది, రెండోసారికి ముప్పావు, మూడోసారికి ఎనిమిది వంతుల్లో ఏడు వంతులు. అందుకే మొదట ఫిల్టర్, గ్యాస్కెట్‌తో సహా ఒకసారి మార్చి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఆయిల్ దించి పోసి, ఇంకోసారి అలాగే చేయించు. ఆయిల్ ఎక్కువ ఖర్చవుతుంది నిజమే, కానీ వణుకు పోయేది చాలాసార్లు రెండో మార్పు తర్వాతే. మొదటి మార్పు అయిన సాయంత్రమే తగ్గలేదని ఆశ వదులుకోవద్దు.

డ్రైన్ బోల్టు కంటే ముందు ఆయిల్ పోసే బోల్టు విప్పమను. పోసే బోల్టు తుప్పు పట్టి రాకపోతే, కింద ఖాళీ చేసేశాక బండి అక్కడే కూర్చోవాల్సి వస్తుంది. వచ్చిన పాత ఆయిల్‌ని పారబోయకుండా కొలిచి, సరిగ్గా అంతే కొత్తది పోయించు, లెవెల్ తర్వాత సరి చేసుకోవచ్చు. చాంబర్ లోపల తుడవడానికి బనియన్ వేస్ట్ అస్సలు వాడనివ్వొద్దు, దాని నూలు పోగు ఒక్కటి వాల్వ్ బాడీలోకి పోతే కొత్త జబ్బు మొదలవుతుంది. పోగులు రాలని శుభ్రమైన గుడ్డ కావాలి. గ్యాస్కెట్ ఉన్న చోట సిలికాన్ పేస్ట్ దట్టంగా రుద్దడం కూడా మనవాళ్లకు అలవాటు. లోపలికి పొంగిన పేస్ట్ ఎండి ముక్కలై ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. చాంబర్ బోల్టులు చిన్నవి, బలం చూపిస్తే చాంబర్ అంచు వంగి లీకేజీ వస్తుంది.

లెవెల్ చూడటం ఇంజన్ ఆయిల్ చూసినట్టు కాదు. కొత్త బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు, ఒక చెక్ బోల్టు ఉంటుంది. బండి సమతలంగా ఉండాలి, ఇంజన్ ఆన్‌లో ఉండాలి, బ్రేక్ తొక్కి లివర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి పీ లో పెట్టాలి, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన డిగ్రీల్లో ఉన్నప్పుడు ఆ బోల్టు విప్పితే సన్నటి ధారగా వచ్చి ఆగాలి. వేడి ఎంతుందో బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో కనిపిస్తుంది. ఇంజన్ ఆపి చూసినా, ఆయిల్ మరీ కాగినప్పుడు చూసినా లెక్క తప్పుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే లోపల గేర్లు చిలికి నురగ లేస్తుంది, ఆ నురగకి ప్రెషర్ రాదు. రెండింటికీ కనిపించే లక్షణం ఒకటే, గేర్లు జారడం. స్కానర్ లేని షెడ్డులో ఈ పని చేయించొద్దని నేను గట్టిగా చెప్తాను.

ఇంకో మాట. బండికి ఈ జబ్బు ఎందుకొచ్చిందో కూడా చూసుకో, లేకపోతే కొత్త ఆయిల్ కూడా ఏడాదిలో నల్లబడుతుంది. ఏటీఎఫ్‌ని చంపేది కిలోమీటర్ల కంటే వేడి. మెకానిక్‌లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది: ఆయిల్ వేడి 80 డిగ్రీలు దాటాక ప్రతి పదకొండు డిగ్రీలకీ దాని ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. మే నెలలో 43 డిగ్రీల ఎండలో, లెక్కకు మించిన చీనీకాయల లోడుతో నువ్వు పోతుంటే ఆ వేడి ఎక్కడికి పోతుంది? రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నావా? మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పప్పు గిన్నె అడుగున తెల్లగా కట్టేదే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ఆ రేడియేటర్ లోపలే ఉంటుంది కాబట్టి ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్ కూడా కాగిపోతుంది. కూలెంట్ పోయించు, రేడియేటర్ ముందు ఇరుక్కున్న దుమ్మూ పురుగులూ మెల్లగా నీళ్లు కొట్టి కడిగించు.

ఇవన్నీ చేసి, మూడుసార్లు ఆయిల్ మార్చి, ఐదారు వందల కిలోమీటర్లు తిరిగినా పొద్దుటి ఆలస్యం అలాగే ఉంటే నాకు మళ్లీ రాయి. అప్పుడు ప్రెషర్ టెస్ట్ చేయించి, అది చూశాకే దించాలా వద్దా అనుకుందాం.

ప్రశ్న: సార్, గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నడూ మార్చని బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతుందని కర్నూలులో ఇద్దరు మెకానిక్‌లు చెప్పారు. ఇంకో చోట ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దన్నారు. మా పికప్ 1,60,000 తిరిగింది, ఇంకా బాగానే ఉంది. మార్చమంటారా, వద్దంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బాగున్నప్పుడే మార్చండి. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, అందులో కొంచెం నిజం లేకపోలేదు.

మామూలుగా జరిగేది ఏమిటంటే, ఓనరు లక్షన్నర దాకా ఆయిల్ జోలికి పోడు. గేర్లు జారడం మొదలయ్యాక, మూడో గేరు పడకుండా ఇంజన్ ఊరికే అరుస్తుంటే, అప్పుడు పరుగెత్తుకొచ్చి ఆయిల్ మార్చమంటాడు. అప్పటికే ప్లేట్ల మీది పొర కాలిపోయి ఆ పొడి ఆయిల్‌లో తేలుతుంటుంది. కొత్త ఆయిల్ పోసిన వారానికి గేర్‌బాక్స్ పూర్తిగా ఆగిపోతుంది. చూసినవాళ్లు ఆయిల్ మారిస్తే పోయింది అంటారు. అది పోయింది ఆయిల్ వల్ల కాదు, ఆయిల్ మార్చడంలో చేసిన ఆలస్యం వల్ల. ఆసుపత్రికి ఆఖరి రోజు తీసుకెళ్లి, సెలైన్ ఎక్కించాక ప్రాణం పోయింది కాబట్టి సెలైన్ వల్లే పోయింది అన్నట్టు ఉంటుంది ఆ మాట.

కొంచెం నిజం ఎక్కడుందంటే, మిషన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేయడంలో. ఏళ్ల తరబడి మూలల్లో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి వాల్వ్ బాడీ సన్న దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మీ బండిలాగా ఎన్నడూ మార్చనిదానికి నేను ఫ్లష్ చేయించను. ఆయిల్ దించి పోయడం, దించి పోయడం, అంతే. మొదటిసారి సగం, ఒక వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ సగం. నిదానంగా పోనివ్వండి. మార్చిన మొదటి రోజుల్లో గేర్లు పడే తీరు కాస్త కొత్తగా అనిపించొచ్చు, కంప్యూటర్ పాత ఆయిల్‌కు అలవాటు పడి ఉంటుంది కాబట్టి. స్కానర్‌తో ఆ పాత లెక్కలు చెరిపి కొత్తగా నేర్పించే పద్ధతి చాలా బండ్లలో ఉంది, అడిగి చేయించుకోండి.

లైఫ్‌టైమ్ అనే మాట గురించి నాకు చాలా కోపం ఉంది. ఎవరి లైఫ్‌టైమ్? బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో మామూలు వాడకం అని ఒకటి, కష్టమైన వాడకం అని ఒకటి వేరుగా రాసి ఉంటుంది. ట్రెయిలర్ లాగడం, నిండు లోడు, కొండ దారులు, దుమ్ము, విపరీతమైన ఎండ, ఇవి కష్టమైన వాడకం కింద వస్తాయి. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగే బండికి, ఆత్మకూరు నుంచి నల్లమల దాటి దోర్నాల పోయే బండికి మామూలు వాడకం ఎక్కడిది? మన జిల్లాల్లో లోడు మోసే ఆటోమేటిక్‌కి నేను 60,000 కిలోమీటర్లకు ఒకసారి మారుస్తాను, మాన్యువల్ ఇంకా ముందే మార్చమంటే ఇంకా ముందే.

ప్రశ్న: అన్నా నమస్తే. లారీల పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర ఆయిల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసేదీ ఒకటేనా? డబ్బా మీద ఏటీఎఫ్ అనే ఉంది. మా మెకానిక్ అదే పోస్తానంటున్నాడు, తక్కువ ధరకు వస్తుందని.
– యర్రగుంట్ల నుంచి

జవాబు: పోయించొద్దు. ఈ ఒక్క పొరపాటుకు బలైన బండి నా షెడ్డుకే వచ్చింది. ఇంకో ఊర్లో ఒక వర్క్‌షాప్‌లో లెవెల్ తగ్గిందని రెండు లీటర్ల ఎర్ర ఆయిల్ పోశారట. నెల తిరగకముందే గేరు మారిన ప్రతిసారీ దెబ్బ, తర్వాత లాకప్ వణుకు. పాపం ఆ డ్రైవరు వాయిదాల మీద తీసుకున్న బండి అది. మూడుసార్లు పాత ఆయిల్ దించి సరైన ఆయిల్ పోశాక దారికొచ్చింది, అదృష్టం బాగుండి ప్లేట్లు కాలలేదు. అందరికీ అదృష్టం బాగుండదు.

ఎరుపు అనేది రంగు మాత్రమే, లీకేజీ కనిపించడానికి కలుపుతారు. పవర్ స్టీరింగ్‌లో పోసేది ఎక్కువగా పాత డెక్స్‌రాన్ రకం, చిక్కదనం ఎక్కువ. ఆరు గేర్ల కొత్త గేర్‌బాక్సులకు పలచటి ఆయిల్ కావాలి. టయోటా వాళ్లు డబ్ల్యూఎస్ అని ఒకటి చెప్తారు, జీఎం వాళ్లది డెక్స్‌రాన్ 6, ఒక్కో కంపెనీది ఒక్కో స్పెక్, అంటే ఆయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలు కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. మీ మాన్యువల్‌లో రాసిన స్పెక్ పేరు అక్కడ కచ్చితంగా ఉండాలి. అన్ని బండ్లకూ పనికొస్తుంది అని మాత్రమే రాసి, ఏ స్పెక్ పేరూ లేని డబ్బాని షాపులోనే వదిలేయండి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ కూడా వేరే, అది అసలే పోయకూడదు.

ప్రశ్న: సార్, తాడిపత్రి నుంచి బండలు, సిమెంటు తోలే పెద్ద లారీ మాది, గేర్ కొట్టే పని లేదు, ఆటోమేటిక్. ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు జర్కులు, ఒక్కోసారి కాలిన వాసన. ఏటీఎఫ్ మార్పిస్తే సరిపోతుందా?
– తాడిపత్రి

జవాబు: మీది దాదాపుగా ఏఎంటీ అయ్యుంటుంది, దానికి ఏటీఎఫ్ అనేదే ఉండదు. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని గాలితోనో, హైడ్రాలిక్‌తోనో నడిచే యంత్రం చేస్తుంది. గేర్ ఆయిల్ టైముకు మార్చాలి, కానీ జర్కు దాంతో పోదు. క్లచ్ ప్లేటు ఎంత మిగిలిందో చూపించండి, గాలి లీకులు చూపించండి, కంపెనీ స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పించడం) చేయించండి. ప్లేటు కొత్తది వేసి లెర్నింగ్ చేయకపోయినా జర్కులు వస్తాయి.

కాలిన వాసన మాత్రం ఎక్కువగా డ్రైవరు అలవాటు వల్ల. ఎత్తు మీద ట్రాఫిక్‌లో బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని పట్టుకుని నిలబెట్టడం ఏఎంటీకి విషం, సగం పట్టిన క్లచ్ నిమిషాల్లో కాలిపోతుంది. డ్రైవర్‌ని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి, చాలామందికి ఇది ఎవరూ చెప్పరు.

ప్రశ్న: గేర్‌బాక్స్ ఆయిల్ రోజ్‌మిల్క్ రంగులో ఉంది. మార్చేసి నడపొచ్చా?
– ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: నడపొద్దు, స్టార్ట్ కూడా చేయొద్దు. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. ప్లేట్ల మీది పొరను అతికించిన జిగురు నీళ్లకు ఊడిపోతుంది. ముందు రేడియేటర్ మార్చాలి, కూలర్ పైపులు కడగాలి, ఆ తర్వాత ఆయిల్ తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ మార్చాలి. ఒకట్రెండు రోజుల్లో గమనించి ఆపేస్తే గేర్‌బాక్స్ దక్కే అవకాశం ఉంది. ఆ రంగుతోనే వారాల తరబడి తిరిగి ఉంటే ఓవర్‌హాల్‌కు సిద్ధపడాల్సిందే, మీకు అబద్ధపు ఆశ పెట్టలేను.

ప్రశ్న: గేర్లు జారకుండా ఆయిల్‌లో కలిపే చిన్న సీసాల మందులు అమ్ముతున్నారు. వాడొచ్చా అన్నా?
– ధర్మవరం నుంచి

జవాబు: అరిగిన ప్లేటును ఏ మందూ మళ్లీ మందంగా చేయలేదు. గట్టిపడిన సీళ్లను కొన్ని మందులు కొన్నాళ్లు ఉబ్బిస్తాయి, తర్వాత మెత్తబడి ఇంకా పాడవుతాయి. ఆ డబ్బులతో సరైన ఆయిల్ ఇంకో లీటరు కొనుక్కోండి.

ప్రశ్న: సార్, మంగంపేట వైపు గనిలో డంపర్ నడుపుతాను, అల్లిసన్ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఎండాకాలంలో గేర్‌బాక్స్ వేడి లైటు వెలుగుతోంది. సూపర్‌వైజర్ ఆయిల్ బాగానే ఉందంటాడు. నేనెలా చూసుకోవాలి?
– ఒక డ్రైవర్

జవాబు: బటన్ల సెలెక్టర్ ఉండి, లోపల ఆయిల్ లెవెల్ సెన్సార్ ఉన్న మోడల్ అయితే మీ చేతిలోనే ఉంది. సమతల నేల మీద ఆపి, న్యూట్రల్‌లో, ఇంజన్ ఐడిల్‌లో, ఆయిల్ 60 నుంచి 104 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పై బాణం, కింది బాణం బటన్లు రెండూ ఒకేసారి నొక్కండి. ఆయిల్ కిందికి దిగడానికి రెండు నిమిషాల దాకా టైమ్ తీసుకుని చెప్తుంది: సరిపోయిందనో, ఇన్ని క్వార్ట్‌లు తక్కువనో, ఎక్కువనో. ఒక క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ. సెన్సార్ లేకపోతే డిప్‌స్టిక్ మీద చల్లటి గుర్తు, వేడి గుర్తు వేరువేరుగా ఉంటాయి, వేడిగా ఉన్నప్పుడు వేడి గుర్తే చూడాలి.

లెవెల్ సరిగ్గా ఉండి కూడా లైటు వెలిగితే ఏ ఆయిల్ పోశారో అడగండి. అల్లిసన్ వాళ్ల స్పెక్‌లు టీఈఎస్ తో మొదలవుతాయి. టీఈఎస్ 389 మామూలు ఆయిల్, టీఈఎస్ 295, దాని తర్వాత వచ్చిన టీఈఎస్ 668 సింథటిక్ రకాలు, ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. గనిలో పోయాల్సింది సింథటిక్కే అని నా గట్టి అభిప్రాయం. రిటార్డర్ (గేర్‌బాక్స్ ఆయిల్‌తోనే బండి వేగం తగ్గించే ఏర్పాటు) ఉన్న బండి అయితే లోడుతో గుంతలోకి దిగేటప్పుడు పుట్టే వేడి అంతా ఆ ఆయిల్‌లోకే పోతుంది. లైటు వెలిగినప్పుడు ఇంజన్ ఆపేయకండి, పక్కకు తీసి న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ రేసు 1200 ఆర్‌పీఎం చుట్టూ ఉంచండి, కూలర్‌లోకి ఆయిల్ తిరిగి రెండు మూడు నిమిషాల్లో వేడి దిగాలి. దిగకపోతే కూలర్ మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు బండి నడపనని చెప్పే హక్కు మీకుంది, సూపర్‌వైజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రశ్న: బ్యాటరీ దిగిపోతే ఆటోమేటిక్ పికప్‌ని తోసి స్టార్ట్ చేయొచ్చా? ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోవచ్చా?
– ప్రొద్దుటూరు

జవాబు: తోస్తే స్టార్ట్ కాదు. గేర్‌బాక్స్ పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది, ఇంజన్ ఆగి ఉంటే ప్రెషర్ లేదు, చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధమే ఉండదు. ఇంకో బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేయండి.

తాడు కట్టి లాగడం మాత్రం దయచేసి చేయొద్దు. న్యూట్రల్‌లో ఉన్నా సరే, చక్రాలతో పాటు గేర్‌బాక్స్ లోపలి భాగాలు తిరుగుతుంటాయి, పంపు తిరగదు కాబట్టి వాటికి ఆయిల్ చుక్క కూడా అందదు. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరు దాకా లాక్కొస్తే చాలు, మంచి గేర్‌బాక్స్ ఎండిపోయి అరిగిపోవడానికి. వెనక చక్రాలతో నడిచే బండి అయితే వెనక చక్రాలు పైకెత్తి లాగాలి, లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. ఫోర్ వీల్ బండి అయితే ఇంకో ఆలోచన లేదు, నాలుగు చక్రాలూ పైన ఉండేలా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి.